మహాభాష్యసంప్రదాయము: ఆచార్యులు, ఆచార్యదేశీయులు

గ్రంథము నశింపకుండుట వేఱు; విద్య నశింపకుండుట వేఱు. తాళపత్రములపై వ్రాసిన గ్రంథము మందసమునఁ బదిలముగా నున్నను, దానిని విప్పి చెప్పఁగలవాఁడు దేశమున నొక్కఁడును లేకపోవచ్చును. ఇది యూహామాత్రము కాదు. సంస్కృతవ్యాకరణమునకుఁ దలమానికమైన మహాభాష్యమున కట్టి దశ యొకటికంటె నెక్కువమాఱులు ప్రాప్తించినట్లు ప్రాచీనులే చెప్పియున్నారు. ప్రతిమాఱును దానిని మరల బ్రదికించినవారు బోధకులు. ఈ చరిత్రమును బరిశీలించినచో నొక యాచార్యుని ప్రభావము దేనివలన జిరకాలము నిలుచునో, బోధకుఁ డెట్లు పెరుగునో, వానిని బోషించుట యననేమో తెలియఁగలదు.

పాణిని యించుమించు 4,000 సూత్రములతో నష్టాధ్యాయిని రచించెను. కాత్యాయనుఁడు వానిపై వార్తికములు కూర్చెను. క్రీ.పూ. 2వ శతాబ్దమువాఁడని పండితు లధికసంఖ్యాకు లంగీకరించిన పతంజలి, యీ రెండింటిని దీసికొని మహాభాష్యమును బ్రశ్నోత్తరరూపమున నడపెను. ఆ గ్రంథమును జదువుచున్నప్పుడు పాఠశాల కన్నులకుఁ గట్టును. ఒకఁ డాక్షేపించును. వేఱొకఁడు సమాధానము చెప్పును గాని యది సంపూర్ణము కాదు. పిమ్మట నాచార్యుఁడు నిర్ణయించును. వ్యాఖ్యాతలు వీరిలో నడిమివానికి 'ఆచార్యదేశీయుఁ'డను పేరు పెట్టిరి. ఈషదసమాప్తి, అనఁగాఁ గొంచెము కొఱఁతపడుట యను నర్థమున దేశీయర్ ప్రత్యయమును బాణిని యష్టాధ్యాయియొక్క 5వ యధ్యాయమున విధించెను. కాఁబట్టి యాచార్యదేశీయుఁ డనఁగా నాచార్యుఁడు కావచ్చినవాఁడు, ఇంకను బూర్తిగాఁ గానివాఁడు. వానిమాట తుదకు నిలువదు. ఐనను భాష్యకారుఁడు దానిని ద్రోసివేయలేదు. మొదటినుండి తుదివఱకుఁ జెప్పనిచ్చి, యెచ్చటఁ గొఱఁత యున్నదో చూపి, దానిమీఁదనే సిద్ధాంతమును నిలిపెను. శాస్త్రచర్చలో నపూర్ణునకును స్థాన ముండవలెనను నీ పద్ధతి యీ సంప్రదాయమున కంతటికిని మూలమని చెప్పవచ్చును.

భాష్యారంభమునందలి పస్పశాహ్నికమున నింకొక విశేషము కలదు. తనకాలమున విద్యార్థులు వేదమును జదివినంతనే, వ్యాకరణముతో బనిలేదని తొందరపడి పలుకుచుండిరని పతంజలి చెప్పుచున్నాఁడు. అట్లు బుద్ధి తప్పుదారిఁ బట్టినవారికి, ఆచార్యుఁడు మిత్రుఁడై శాస్త్రప్రయోజనములను వివరించెనని చెప్పెను. నిందించెననలేదు, శపించెననలేదు. రెండువేలయేండ్లకుఁ బైబడిన యీ ఫిర్యాదును నేఁటి పాఠశాలాపండితులును వినుచునే యున్నారు. దానికి భాష్యకారుఁడు చూపిన యుపాయ మింకను బాఁతపడలేదు.

అచ్చటనే బృహస్పతీంద్రుల కథయుఁ గలదు. బృహస్పతియంతవాఁడు బోధించుచుండఁగా, ఇంద్రునంతవాఁడు వినుచుండఁగా, వేయి దివ్యవర్షములు గడచినను శబ్దముల కంతము కానరాలేదఁట. ఇఁక నూఱేండ్ల యాయువుగల మనుష్యుని మాట చెప్పనేల? ఈ సందర్భముననే పతంజలి విద్య యుపయోగమునకు వచ్చుటకు నాలుగు కాలములను బేర్కొనెను. గురువువలన గ్రహించుకాలము మొదటిది. తనకుఁ దాను జింతించుకాలము రెండవది. ఇతరులకుఁ జెప్పుకాలము మూఁడవది. లోకవ్యవహారమున వినియోగించుకాలము నాలుగవది. బోధనము విద్య ముగిసినపిమ్మట జరుగు వేఱొకపని యని యీతఁడు తలఁపలేదు. అది విద్యయొక్క యవస్థలలో నొకటి. చెప్పనివానికి మూఁడవపాలు దక్కదు. శిష్యునకు గురువువలన లాభము కలుగుట యందఱెఱిఁగినదే. చెప్పుటవలన గురువునకే విద్య పెరుగునను నంశమును శాస్త్రముగా నిలిపినవాఁడు పతంజలి.

ఈ శాస్త్రమున మఱియొక నియమము కలదు. సూత్రకార వార్తికకార భాష్యకారులలో మువ్వురకు నభిప్రాయభేదము వచ్చినప్పుడు, పూర్వునికంటెఁ బరుఁడు ప్రమాణతరుఁడని వైయాకరణులు నిర్ణయించిరి. పాణిని సూత్రములలో నొక్కయక్షరమైనను వ్యర్థము కాదని మిక్కిలి గౌరవముతోఁ బలికిన పతంజలియే, కావలసినచోట సూత్రమును సైతము ప్రత్యాఖ్యానము చేసెను. గౌరవమును బరీక్షయు నొకే చిత్తమున నుండవచ్చునని దీనివలనఁ దేలుచున్నది.

ఇంతటి గ్రంథమునకు విచ్ఛేద మెట్లు కలిగెను? ఆ కథను 5వ శతాబ్దమువాఁడగు భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండము చివరఁ జెప్పెను. మొదట వ్యాడి రచించిన సంగ్రహమను మహాగ్రంథము, సంక్షేపమునే కోరువారిచేతఁ బడి యస్తమించెను. పిమ్మటఁ బతంజలి సకలన్యాయబీజమైన భాష్యమును రచించెను. కాని దాని లోఁతు నెఱుఁగఁజాలని బైజి, సౌభవ, హర్యక్షులు శుష్కతర్కము ననుసరించి దానిని గలఁచివైచిరి. పతంజలి శిష్యులనుండి వ్యాకరణాగమము జాఱిపోయెను. కొంతకాలమునకది దాక్షిణాత్యులయందు గ్రంథమాత్రముగా నిలిచెను. తరువాతఁ జంద్రాచార్యాదులు పర్వతమునుండి యాగమమును సంపాదించి, భాష్యమునందలి బీజముల ననుసరించి, దానిని మరల బహుశాఖముగాఁ జేసిరి. ఇది భర్తృహరి చెప్పిన క్రమము.

ఈ పర్వత మేది? వాక్యపదీయమున దాని పేరు లేదు. పుణ్యరాజకృతమని ప్రసిద్ధమైన ద్వితీయకాండవ్యాఖ్య, త్రికూటప్రాంతమున త్రిలింగదేశైకదేశమునందున్న పర్వతమని వివరించెను. దీనినిబట్టి మహాభాష్యమును గాపాడినవా రాంధ్రులే యని సంతసించువారు కలరు. సంతసింపవలసినదే గాని, తొందరపడి కాదు. వ్యాఖ్యాత మూలకర్తకుఁ బెక్కు శతాబ్దములు తరువాతివాఁడు. అతఁడు విన్నది యైతిహ్యము. త్రిలింగశబ్దము తోఁచినంతమాత్రమున శ్రీపర్వతమని నిశ్చయించుటకు మూలమున నాధారము లేదు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి యున్నది. దాక్షిణాత్యులవద్ద నుండెనని భర్తృహరి చెప్పినది గ్రంథమాత్రము. గ్రంథమును దాఁచినందులకు దక్షిణదేశ మెంత శ్లాఘ్యమో, దానిని జెప్పువానిని నిలుపుకొనలేకపోయినందుల కంతయు జింతింపవలసినది. ఆ యొక్కమాటలో స్తుతియు నిందయు రెండును గలవు.

విచ్ఛేదకారణమును భర్తృహరి చెప్పిన తీరుకూడ గమనింపఁదగినది. భాష్యమును దగులఁబెట్టినవారు లేరు, నిషేధించినవారు లేరు. బుద్ధిమంతులే, కాని పెద్దల ననుసరింపక కేవలతర్కమును నమ్మినవారు, దానిని జెఱచిరి. ఈ వృత్తాంతము చెప్పిన వెంటనే భర్తృహరి రెండు విషయములను జేర్చెను. భిన్నములైన యాగమదర్శనముల నెఱిఁగినప్పుడే ప్రజ్ఞకు వివేకము కలుగును, తన తర్కము నొక్కదానినే వెంబడించువాఁ డెంత యూహింపఁగలఁడు? ఇది మొదటిది. పెద్దలను సేవింపనివారి విద్య మిక్కిలిగాఁ బ్రసన్నము కాదు. ఇది రెండవది. ఒకటి పలువురను వినుమనుచున్నది; ఇంకొకటి గురువును సేవింపుమనుచున్నది. ఈ రెండును విరుద్ధములని తోఁచినచో, అది పాఠకుని దోషమే. ఆచార్యదేశీయుఁ డాచార్యుఁ డగుట కీ రెండును గావలెను. భర్తృహరి తన యాగమసంగ్రహమును గూడఁ దన గురువు కూర్చినదే యని చెప్పి, తాను వెనుకకుఁ దగ్గెను. ఆ గురువు పేరు వసురాతుఁడని వ్యాఖ్యవలనఁ దెలియుచున్నది. వసురాతుఁడు జీవించుచున్నది శిష్యుని కృతజ్ఞతయందే.

మరల సంప్రదాయ మేర్పడినపిమ్మట వ్యాకరణవిద్య యెట్లు నడచెనో చీనాయాత్రికుఁడగు ఇత్సింగు వ్రాఁతలవలనఁ దెలియుచున్నది. ఆతఁడు 673లో భారతదేశమునకు వచ్చి పెక్కేండ్లు నలందాయం దుండెను. బాలు రాఱవయేట నక్షరాభ్యాస మారంభించి, యెనిమిదవయేట సూత్రములఁ జేపట్టి యెనిమిది మాసములలో వల్లించుచుండిరఁట. పదియవయేట ఖిలములను మూఁడేండ్లు చదివి, పదునేనవయేట వృత్తి నారంభించి దాని కైదేండ్లు వెచ్చించుచుండిరఁట. ఆ పిమ్మట భాష్యమునకు మూఁడేండ్లు. సూత్రములకు మాసములు, వృత్తికిని భాష్యమునకును సంవత్సరములు! వల్లించుట కెంతకాలము పట్టునో, చెప్పఁగలవాఁ డగుట కెంతకాలము పట్టునో యీ లెక్కయే తెలుపుచున్నది. ఇరువదేండ్లు దాఁటినదాఁక నొకనిని బోషించి చదివించు వ్యవస్థ లేనిచో బోధకుఁడు పుట్టఁడు.

అట్టి వ్యవస్థ సన్నగిల్లినచోట నేమగునో కాశ్మీరచరిత్రము చెప్పుచున్నది. 1148వ సంవత్సరమున నారంభింపఁబడి 1150 నాఁటికి ముగిసిన రాజతరంగిణిలోఁ గల్హణుఁడు మహాభాష్యోద్ధరణమును రెండుచోట్లఁ బేర్కొనెను. అభిమన్యుఁడను రాజు కాలమునఁ జంద్రాచార్యాదులు భాష్యమును బ్రచారములోనికిఁ దెచ్చిరని మొదటితరంగమునఁ గలదు. అదియు నిలువలేదు. 8వ శతాబ్దము నుత్తరార్ధమున రాజ్యమునకు వచ్చిన జయాపీడుఁడు, తన దేశమున విచ్ఛిన్నమైపోయిన భాష్యమును దేశాంతరమునుండి వ్యాఖ్యాతలను రప్పించి మరలఁ బ్రవర్తింపఁజేసెనని నాలుగవతరంగమునఁ గలదు. అతఁడు రప్పించినది పుస్తకములను గాదు, మనుష్యులను.

అంతతోఁ బోవక జయాపీడుఁడు క్షీరుఁడను శబ్దవిద్యోపాధ్యాయునివద్దఁ దానును జదువుకొనెను. ఈ క్షీరుఁ డమరకోశవ్యాఖ్యాతయగు క్షీరస్వామియే యని కొందఱు తలఁచిరి. కాని క్షీరస్వామి భోజుని నుదాహరించుటచే 11వ శతాబ్దమునకు ముందటివాఁడు కాఁజాలఁడు. కావున నిరువురును వేఱు. ఉద్భటుఁడు దినమునకు లక్షదీనారముల వేతనముతో నా రాజునకు సభాపతియై యుండెనని కల్హణుఁడు చెప్పెను. దామోదరగుప్తుఁడును వామనుఁడు నాతని కొలువున నుండిరి. లక్షయను సంఖ్యలోఁ గవియొక్క యతిశయోక్తి యెంతయో చెప్పరాదు గాని, విద్వాంసునకు జీవిక నేర్పఱచుట రాజధర్మమని యా కవి తలఁచె ననుటలో సందేహము లేదు.

కాని యీ కథకు వేఱొకతుది కలదు. అదే జయాపీడుఁడు కొంతకాలమునకు లోభమునకు లోఁబడి, ప్రజలను బీడించి, విప్రుల భూములను హరించి, వారి శాపమున మరణించెనని కల్హణుఁడు వ్రాసెను. శాపము మాట యెట్లున్నను, ఒక్కరాజు చిత్తముపై నాధారపడిన పోషణ మా చిత్తముతోనే మాఱునని దీనివలన గ్రహింపవలెను. ఐనను బోధకులపై వెచ్చించినది వ్యర్థము కాలేదు. కాశ్మీరకుఁడని ప్రసిద్ధిగల కైయటుఁడు 11వ శతాబ్దప్రాంతమున భాష్యమునకుఁ బ్రదీపమును రచించెను. భర్తృహరి కట్టిన గ్రంథసేతువును బట్టియే తాను భాష్యసముద్రమును దాఁటుచున్నానని యాతఁ డొప్పుకొనెను. నడుమ నాఱువందల యేండ్లు గడచినను గురుత్వము తెగలేదు.

తరువాతిరంగము కాశి. 16వ శతాబ్దమున శేషకృష్ణపండితుఁడు, రామచంద్రాచార్యుని ప్రక్రియాకౌముదికిఁ బ్రకాశమను వ్యాఖ్యను రచించి, వ్యాకరణమునకు మహాగురువై యుండెను. సిద్ధాంతకౌముదీకర్తయగు భట్టోజిదీక్షితుఁ డాతని శిష్యుఁడే. దీక్షితుఁడు తన గ్రంథమునకుఁ దానే వ్రాసికొనిన ప్రౌఢమనోరమలో, గురువుయొక్క ప్రకాశమును బెక్కుచోట్ల ఖండించెను. ఇది శేషవంశీయులకు సహింపరాని పని యయ్యెను. శేషచక్రపాణి ప్రౌఢమనోరమాఖండనమును వ్రాసెను. పిమ్మట నాంధ్రుఁడగు జగన్నాథపండితరాయలు మనోరమాకుచమర్దనమను పరుషమైన పేరితో మఱియొక ఖండనమును రచించి, దీక్షితుని గురుద్రోహిగా నిందించెను. జగన్నాథుఁడు కోనసీమయందలి ముంగండవాఁడని ప్రసిద్ధి. షాజహానునివలనఁ బండితరాయబిరుదము నొందినవాఁడు. ఆతని తండ్రి పేరుభట్టు కాశిలో శేషవంశీయునివద్ద భాష్యము చదివెను. కావున నీ కోప మొక గురుకులమునకుఁ బక్షమువహించిన కోపము.

దీక్షితుఁడు గురుద్రోహియా? ఈ ప్రశ్నపైఁ బండితులు చిరకాలము వాదించిరి. భాష్యకారుఁడు సూత్రమును బ్రత్యాఖ్యానించినది ద్రోహము కానిచో, దీక్షితుఁడు గురువ్యాఖ్యను బరీక్షించినదియు ద్రోహము కాదనవలెను. ప్రకాశమును జక్కఁగా జదువనివాఁడు దానిని ఖండింపఁజాలఁడు, చదివించినవాఁడు శేషకృష్ణుఁడే. గురువిచ్చిన కత్తితోనే శిష్యుఁడు గురువాక్యమును బరీక్షించెను. ఐతే పరీక్షకును నవమానమునకును నడుమ సన్నని గట్టొకటి కలదు. దానిని దీక్షితుఁడు దాఁటెనా లేదా యనుట పక్షభేదముల ననుసరించి యుండును గాని, జగన్నాథుఁడు తన గ్రంథమునకుఁ బెట్టిన పేరే యా గట్టును దాఁటినది.

ఈ వైరమునకు సమాధానము వాదమువలన రాలేదు, ఒక శిష్యునివలన వచ్చెను. భట్టోజిదీక్షితుని మనుమఁడగు హరిదీక్షితుఁడు మనోరమకు శబ్దరత్నమను వ్యాఖ్యను రచించెను. ఆతని శిష్యుఁడు నాగేశభట్టు. 18వ శతాబ్దము పూర్వార్ధమువఱకు జీవించిన యీ మహావైయాకరణుఁడు లఘుశబ్దేందుశేఖరము, పరిభాషేందుశేఖరము, లఘుమంజూష, ప్రదీపోద్ద్యోతము మొదలగు గ్రంథములను రచించెను. దీక్షితకులమున జదివిన యీతఁడే, దీక్షితుని దూషించిన జగన్నాథుని రసగంగాధరమునకు గురుమర్మప్రకాశమను వ్యాఖ్యను వ్రాసెను. తన పరమగురువును నిందించినవాని గ్రంథమున నున్న మర్మమును లోకమునకు వెలయించుట సామాన్యమైన యౌదార్యము కాదు. భిన్నాగమదర్శనమువలన వివేకము కలుగునని భర్తృహరి చెప్పినమాటకు నాగేశుఁ డాచరణరూపమైన వ్యాఖ్య.

నాగేశునకు శృంగవేరపురప్రభువగు రాముఁడు జీవిక కల్పించెను. ఆ సంగతి నాగేశుఁడే తన గ్రంథములలో స్మరించెను. సంతానములేని యా పండితుఁడు శబ్దేందుశేఖరమును గుమారునిగాను, మంజూషను గుమార్తెగాను భావించి శివున కర్పించెను. కాని వానికి నిజమైన సంతతి వైద్యనాథపాయగుండె మొదలగు శిష్యులు. వైద్యనాథుఁడు గురుగ్రంథములపై వ్యాఖ్యలు వ్రాసి, వానిని బాఠయోగ్యములుగాఁ జేసెను. శృంగవేరపురప్రభువు కట్టించిన మేడ లేవియో నేఁడు సామాన్యు లెఱుఁగరు. ఆతఁ డన్నముపెట్టిన యొక్క బోధకుని గ్రంథములు మాత్రము హిమాలయమునుండి సేతువువఱకు నేఁటికిని బఠింపఁబడుచున్నవి.

ఆ శేఖరములు తెలుఁగుదేశమున నెట్లు పాదుకొనెనో విజయనగరము సాక్ష్యము చెప్పును. 20వ శతాబ్దపు పూర్వార్ధమున నచ్చటి సంస్కృతకళాశాలలోఁ దాతా సుబ్బరాయశాస్త్రిగారు, రాయుఁడుశాస్త్రిగారని లోకమునఁ బిలువఁబడినవారు, వ్యాకరణమును బాఠము చెప్పిరి. వారు లఘుశబ్దేందుశేఖరమునకు వ్యాఖ్య రచించి దానికి గురుప్రసాదమని పేరిడిరి. నాగేశునిపైఁ దాము క్రొత్తగాఁ జేసిన విచారమునకుఁ దమ పేరు పెట్టుకొనక, గురువుల యనుగ్రహమునే పేరుగాఁ బెట్టుట యీ సంప్రదాయమునకుఁ దగినదే. వసురాతుని స్మరించిన భర్తృహరి మార్గ మదియే. ఒకనాఁడు గ్రంథమాత్రము మిగిలినదని చెప్పఁబడిన దక్షిణాపథమున, శేఖరాంతవ్యాకరణమును గడ్డిపోచవలె విడఁదీసి చెప్పఁగల పండితు లుదయించుటచే, భర్తృహరి మాటలోని నిందాభాగమునకుఁ గొంత ప్రత్యుత్తర మిచ్చినట్లయ్యెను.

ఈ దీర్ఘచరిత్రమునుండి తేలు సంగతులు మూఁడు. ఆచార్యుని ప్రభావము శిష్యు లాతని మాటలను వల్లించుటవలన నిలువదు. వల్లించుటకుఁ బుస్తకమే చాలును. ఆతఁడు నేర్పిన పరీక్ష శిష్యునిలోఁ బనిచేయుటవలన, ఒక్కొక్కమా ఱాతనిమీఁదనే పనిచేయుటవలన, నిలుచును. ఇది మొదటిది. బోధకుఁ డొక్కనాఁడు పుట్టఁడు. ఆచార్యదేశీయుఁడై యుండుకాలము దీర్ఘము. ఆ కాలమున వానికి జీవికయు, నవకాశమును, తప్పు చెప్పినను వినువారును, భిన్నమతములు గల పెద్దల సాంగత్యమును గావలెను. ఇది రెండవది. ఇవి యొక్క ప్రభువు దయపై నాధారపడినచో నాతనితోనే ముగియును. ఒక పాఠశాలకును నొక శిష్యకులమునకును సంబంధించినప్పుడు తరతరములు సాగును. ఇది మూఁడవది.

నేఁడు మహాభాష్యము దుర్లభము కాదు. 1880-85 సంవత్సరముల నడుమఁ గీల్‌హారను పండితుఁడు దానిని బరిష్కరించి ముద్రింపించెను. తరువాతఁ బ్రదీపోద్ద్యోతసహితముగాఁ బెక్కు ముద్రణములు వచ్చినవి. ఇప్పుడు యంత్రసాధనమున నొక్క క్షణములోఁ గావలసిన పంక్తిని వెదకి చూడవచ్చును. గ్రంథమాత్రావస్థకు భయపడవలసిన కాలము గడచెనని పలువురు తలఁచుటకు నిదియే కారణము. కాని భర్తృహరి భయపడినది గ్రంథము లేనందులకుఁ గాదు, గ్రంథమాత్రమే మిగిలినందులకు. పంక్తి యెదుట నున్నను, దానిలో నాక్షేపించుచున్న దెవరో, సగము సమాధానము చెప్పుచున్న దెవరో, సిద్ధాంతము చెప్పుచున్న దెవరో విడఁదీసి చూపువాఁడు లేనిచోఁ బూర్వపక్షమే సిద్ధాంతముగాఁ దోఁచును. కావున నొక గ్రామపాఠశాలలోఁ గ్రొత్తగాఁ జేరిన పండితుఁడు పాఠమునఁ దడఁబడినప్పుడు, వానిని జూచి నవ్వక చేరదీసి సరిదిద్దు పెద్దపండితుఁడు, తాను జేయుచున్నది చిన్నపని యని తలఁపరాదు. చంద్రాచార్యుఁడు పర్వతమునుండి తెచ్చినది యట్టి పనివలన మాత్రమే నిలిచినది.